నర్సుకు వచ్చిన కోపం ఎక్కడికి పోతుంది?

[తెర మీద: వార్డు, మందుల ట్రాలీ దగ్గర ఒక నర్సు]

సెలైన్ అయిపోయిందని పేషెంట్ కొడుకు వచ్చి గట్టిగా అరుస్తున్నాడు. "ఎన్నిసార్లు పిలవాలి? మీకసలు పట్టదా?" అప్పుడే సిస్టర్ చేతిలో ఇంకొకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఉంది. డోసు సరిచూసుకుంటోంది. ఆమెకూ కోపం వస్తుంది, ఎందుకు రాదు? అయినా నవ్వు ముఖం పెట్టి "వస్తున్నానండి" అంటుంది.

మరి ఆ కోపం ఏమైనట్టు?

ముఖం మీదికి భావాలు తెచ్చిపెట్టుకోవడం కూడా ఒక శ్రమే అని 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాశారు. ఆమె ముఖ్యంగా పరిశీలించింది విమానాల్లో పనిచేసే సిబ్బందిని. కానీ ఆమె చెప్పిన మాట నర్సులకు అచ్చంగా సరిపోతుంది. లోపల మండుతున్నా పైకి నవ్వడం ఒక దారి. ఎదుటి మనిషి పరిస్థితి అర్థం చేసుకుని, లోపలి మంటనే తగ్గించుకోవడం ఇంకో దారి. రోజూ మొదటి దారిలోనే నెట్టుకొచ్చేవాళ్లు ఎక్కువగా అలసిపోతున్నారని తర్వాతి పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

రెండో దారికి కావాల్సిన నేర్పునే భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నాం. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు దీన్ని ఒక సామర్థ్యంగా నిర్వచించారు. మనలోనూ ఎదుటివాళ్లలోనూ కలిగే భావాన్ని గుర్తుపట్టడం, అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం, దాన్ని సంభాళించుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి.

[తెర మీద: అదే వార్డు, ఈసారి ఆ కొడుకు ముఖం దగ్గరగా]

ఇప్పుడు ఆ అబ్బాయినే చూడండి. వాళ్ల నాన్నకు పొద్దుట్నుంచి మూత్రం సరిగా రావట్లేదు. రౌండ్స్‌లో డాక్టర్ ఏదో చెప్పి వెళ్లారు, ఇతనికి సగం అర్థం కాలేదు. అరుస్తున్నది సెలైన్ గురించే, భయం మాత్రం కిడ్నీల గురించి. అది కనిపెట్టిన సిస్టర్ ఇలా అంటుంది: "ఈ ఇంజెక్షన్ ఇచ్చి నేరుగా మీ దగ్గరికే వస్తాను. డాక్టర్ గారు ఏం చెప్పారో కూడా అప్పుడు వివరంగా చెప్తాను."

అతను నెమ్మదిస్తాడా? చాలాసార్లు నెమ్మదిస్తాడు, ఒక్కోసారి నెమ్మదించడు. కానీ ఆ అరుపులు తన మీద కాదని ఆమెకు తెలిసింది. నా దృష్టిలో ఆమెకు అసలు లాభం అదే. డ్యూటీ దిగాక ఆ టెన్షన్ ఇంటిదాకా వెంటరాదు.

కొందరు సీనియర్లు "మనసు రాయి చేసుకో, లేకపోతే ఈ పని చేయలేవు" అంటారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, సలహా మాత్రం ఎదురుతిరుగుతుంది. లండన్‌లోని ఒక ఆస్పత్రి మీద 1960లో వచ్చిన అధ్యయనంలో ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు ఇదే చూశారు. అక్కడ పేషెంట్‌ను పేరుతో కాకుండా "పదో బెడ్డులోని లివర్" అన్నట్టు పిలిచేవారు. దగ్గరితనం లేకపోతే బాధ ఉండదని వాళ్ల ఆశ. బాధ తగ్గలేదు సరికదా, పనిలో దొరకాల్సిన తృప్తి కూడా పోయింది. ఒక మనిషి కోలుకోవడం చూసే ఆనందం ఆ దగ్గరితనంలోంచే కదా వచ్చేది!

భావోద్వేగ ప్రజ్ఞ ఎక్కువున్న నర్సుల్లో ఉద్యోగ తృప్తి కూడా ఎక్కువని చాలా దేశాల్లో జరిగిన సర్వేల్లో కనిపించింది. అయితే వాటిలో ఎక్కువ భాగం నర్సులే తమ గురించి తాము నింపిన ప్రశ్నావళులు. కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది వాటితో తేలదు.

[తెర మీద: 23 శాతం, 15 శాతం]

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న 168 ఆస్పత్రుల సమాచారంతో 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సుకు ఒక పేషెంట్ అదనంగా పెరిగితే బర్నౌట్, అంటే పని ఒత్తిడితో మనసు పూర్తిగా అలసిపోయే అవకాశం 23 శాతం, ఉద్యోగం మీద అసంతృప్తి అవకాశం 15 శాతం పెరుగుతున్నట్టు తేలింది. స్టాఫ్‌ను పెంచకుండా "ఓపిక పట్టడం నేర్చుకోండి" అని ట్రైనింగ్ పెడితే అది అన్యాయం.

వార్డు ఇన్‌చార్జ్ చేయగలిగింది కూడా ఉంది. తను చూసుకుంటున్న పేషెంట్ చనిపోయిన నర్సుకు వెంటనే కొత్త అడ్మిషన్ అప్పగించకుండా, పది నిమిషాలు పక్కన కూర్చోనివ్వొచ్చు. ఆ పది నిమిషాలు ఆమె బెడ్లు చూసుకోవడానికి షిఫ్ట్‌లో ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషిని ఇవ్వాల్సింది మేనేజ్‌మెంట్.