జ్వరంతో డ్యూటీకి రావాలా?

అందరికీ నమస్కారం. ఎ షిఫ్టు దిగి ఇంటికి పోకుండా నా కోసం ఆగినవాళ్లున్నారు, బి షిఫ్టు ఎక్కే ముందు వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. బస్సు టైము నాకు తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఇరవై రెండేళ్లు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, డిస్పెన్సరీలో డాక్టరుగా పనిచేశాను. అక్కడ నా ముందు కూర్చున్నవాళ్లు తమకు వచ్చిన జబ్బు పేరు అడగడం తక్కువ. "రేపు డ్యూటీకి పోవచ్చా సార్" అని అడిగినవాళ్లే ఎక్కువ. "ఒక పారాసిటమాల్ వేసుకుని పో" అని నేనూ చాలామందికి చెప్పాను. ఆ మాట తప్పు అని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ఆ తప్పు నేను కూడా చేశాను. ఒక వానాకాలం నాకు ఫ్లూ వచ్చింది. ఒళ్లంతా నొప్పులు, 102 జ్వరం. బయట యాభై మంది లైన్లో ఉన్నారు, నేను పోకపోతే వాళ్లను ఎవరు చూస్తారు అనుకున్నాను. మాత్ర వేసుకుంటే గంటలో జ్వరం దిగింది. మూడు రోజులు అలాగే నడిపించాను. తర్వాతి వారం మా నర్సమ్మ పడుకుంది, ఫార్మసిస్టు పడుకున్నాడు. ఆ మూడు రోజుల్లో నా దగ్గరికి బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దాయన నిమోనియాతో ఆసుపత్రిలో చేరాడు. ఆయనకు నా వల్లే వచ్చిందని రుజువేమీ లేదు. కాదని చెప్పుకునే ధైర్యం కూడా నాకు లేదు. ఆయన బతికి బయటపడ్డాడు. నన్ను చూసినప్పుడల్లా చేతులెత్తి దండం పెట్టేవాడు, నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

మాత్ర జ్వరాన్ని దించుతుంది, అంతే. లోపలి వైరస్‌ను అది ఏమీ చేయదు. జ్వరం దిగి హుషారుగా లైన్లో నిలబడ్డ మనిషి దగ్గినా, తుమ్మినా, మాట్లాడినా వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. ఫ్లూ అయితే జ్వరం తగలడానికి ఒక రోజు ముందు నుంచే అంటుతుంది, మొదటి మూడు నాలుగు రోజులు బాగా ఎక్కువ. అందుకే ఈ లెక్క పెట్టుకోండి: మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి, ఒంట్లో కూడా నెమ్మది కనబడాలి. అప్పుడు రండి. ఆ తర్వాత కూడా నాలుగైదు రోజులు మాస్కు ఉండాలి.

క్యాంటీన్‌లో వంట చేసేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటల వరకు గరిటె పట్టుకోవద్దు. ఆగిపోయాయి కదా అని మర్నాడే వచ్చి పప్పు వడ్డిస్తే ఒక్క పూటలో షిఫ్టంతా పడుకుంటుంది. గవదబిళ్లలైతే వాపు మొదలైన దగ్గర నుంచి అయిదు రోజులు ఇంట్లో ఉండాలి. కళ్లకలక వచ్చి నీరు, పుసి కారుతుంటే అవి తగ్గేదాకా రావద్దు. 2023 వానాకాలంలో కళ్లకలక హాస్టళ్లను, బడులను ఎలా చుట్టేసిందో మీలో చాలామంది పిల్లలకు అనుభవమే.

ఆటలమ్మ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ అమ్మమ్మలు చెప్పారు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ మండలు చూసి చుట్టం కూడా గడప దాటేవాడు కాదు. పొక్కులు ఎండి పెచ్చు కట్టాక వేపాకు నీళ్లు పోసేవాళ్లు, ఆ తర్వాతే మనిషి బయట తిరిగేది. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా అంటుతుందని మా వైద్య పుస్తకాలూ చెబుతాయి. ఇంకొకటి కూడా గమనించండి. అమ్మవారు పోసిన మనిషిని పొలానికి రమ్మని ఏ ఆసామీ పిలిచేవాడు కాదు. "బద్ధకానికి సాకు చెబుతున్నాడు" అని ఎవరూ అనేవాళ్లు కాదు. ఆ మర్యాద ఆటలమ్మకు దొరికింది, ఫ్లూకి దొరకలేదు. ప్యాకింగ్‌లో గర్భిణులు పనిచేస్తున్నారు కాబట్టి ఆటలమ్మ విషయంలో మొహమాటపడకండి. చిన్నప్పుడు రానివాళ్లకు పెద్దయ్యాక వస్తే బాగా ముదురుతుంది.

ఇప్పుడు డబ్బు విషయం. ఇది మాట్లాడకుండా "జ్వరం వస్తే ఇంట్లో ఉండండి" అని చెప్పి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు.

ఒకసారి ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకామె వచ్చింది. గొంతు వాచి, జ్వరంతో కూర్చోలేకపోతోంది. "మూడు రోజులు రెస్టు రాస్తానమ్మా" అన్నాను. "రాయండి సార్, కానీ మొదటి రెండు రోజులకు డబ్బు రాదంట కదా? అటెండెన్స్ బోనస్ కూడా పోతుంది. నేను పడుకుంటే పిల్లల ఫీజు ఎవరు కడతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చీటీ మడిచి రవికెలో పెట్టుకుని ఆ రాత్రే డ్యూటీకి పోయింది.

ఆమె లెక్క సరైనదే. ఈఎస్‌ఐలో జబ్బు కాలానికి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. దానికి ముందటి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. అయితే జబ్బు పడ్డ మొదటి రెండు రోజులకు మామూలుగా డబ్బు రాదు. రోజుకు 500 రూపాయల మనిషి మూడు రోజులు ఇంట్లో ఉంటే, రావాల్సిన 1500 పోయి చేతికొచ్చేది 350. ఫ్లూ బాగా అంటేది ఆ మొదటి రోజుల్లోనే. సరిగ్గా ఏ రోజుల్లో మనిషి ఇంట్లో ఉండాలో ఆ రోజులకే పైసా లేదు. కాంట్రాక్టరు దగ్గర చేసేవాళ్లలో పేరు నమోదు కానివాళ్లకు ఆ 350 కూడా లేదు.

జీతానికి దారి చూపించకుండా పని మానమంటే ఏమవుతుందో ఒక పాత సంగతి చెబుతాను. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అని ఒక వంటమనిషి ఉండేది. ఐర్లాండ్ నుంచి బతకడానికి వచ్చిన మనిషి. ఆమె ఒంట్లో టైఫాయిడ్ క్రిమి ఉంది, ఆమెకు మాత్రం ఏ బాధా తెలియదు. వంట చేసిన ఇళ్లలో వరసగా టైఫాయిడ్ రావడంతో 1907లో పట్టుకుని ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలిపెట్టారు. బట్టలుతికే పని చూపించారు. వంటకు వచ్చే జీతం ఉతుకుడుకు రాదు. ఆమె పేరు మార్చుకుని మళ్లీ వంటలోకే పోయింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వచ్చి, ఇద్దరు చనిపోయాక ఆమె దొరికింది. మళ్లీ ఆ దీవికే పంపారు, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆమె చేసింది ఒప్పు అని నేను అనను, రెండు ప్రాణాలు పోయాయి. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఆమెను దీవిలో ఉంచి పోషించడానికి డబ్బు దొరికింది. 1910లో వంటమనిషి జీతానికి సరిపడా వేరే పని చూపించడానికి మాత్రం దొరకలేదు. ఆ పని చూపించి ఉంటే ఆ ఇద్దరూ బతికేవాళ్లేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను.

ముందు వరసలో మేనేజ్‌మెంట్ వాళ్లు కూర్చున్నారు. అయ్యా, మిమ్మల్ని అడిగేది ఇదే. ఆ మొదటి రెండు రోజుల జీతం కంపెనీ ఇవ్వాలి, కాంట్రాక్టు వాళ్లకు కూడా. అంటుజబ్బు అని చీటీ ఉంటే అటెండెన్స్ బోనస్ కోయకూడదు. ఒకరు రాకపోతే లైను కష్టపడుతుందని నాకు తెలుసు. ఏసీ హాల్లో భుజం భుజం తగిలేలా నిలబడేచోట ఆ ఒక్కరూ వస్తే, వచ్చే వారం నలుగురు రారు. సూపర్‌వైజర్లకు ఒక మాట. "జ్వరం వచ్చింది" అని ఫోన్ చేస్తే "అందరికీ ఉన్నదేలే" అనకండి. మీ ఆ ఒక్క మాటతోనే మనిషి చెప్పులు వేసుకుని బయల్దేరతాడు.

దేనికీ దారి లేక రావలసి వస్తే మాస్కు తీయకండి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని అద్దం తెరవండి, అన్నం విడిగా తినండి, మీ నీళ్ల సీసా ఇంకొకరికి ఇవ్వకండి. దీనివల్ల ముప్పు తగ్గుతుంది, పోదు.

భయం ఎక్కువై చేసే తప్పు కూడా ఉంది. డెంగీ, మలేరియా పక్కన కూర్చుంటే రావు, దోమ కుడితే వస్తాయి. అవి వచ్చినవాళ్లు రెస్టు తీసుకోవాల్సింది వాళ్ల ఒంటి కోసం. ఇక టీబీ. మామూలు టీబీకి మందులు సరిగ్గా వాడితే ఎక్కువమందిలో రెండు మూడు వారాల్లోనే అంటడం తగ్గిపోతుంది. డాక్టరు సరే అన్నాక కూడా "వాడి పక్కన నిలబడం" అంటే రేపు దగ్గు వచ్చినవాడు దాచిపెడతాడు, నెలల తరబడి మీ పక్కనే దగ్గుతాడు. మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఈఎస్‌ఐలో టీబీకి రెండేళ్ల వరకు 80 శాతం వేతనం ఇచ్చే సదుపాయం ఉంది. దానికి అర్హత ఉండి కూడా తెలియక పనికి వచ్చినవాళ్లను నేను చూశాను.

ఆ మూల టేబుల్ దగ్గర గంటసేపు కూర్చుంటాను. మీ ఈఎస్‌ఐ నంబరు తీసుకురండి, చందా రోజులు ఎలా చూసుకోవాలో చూపిస్తాను. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్లు ముందు రండి, మిగతావాళ్లు వాళ్లకు దారి ఇవ్వండి.