తొడల సందులో దురద: ట్యూబు కొనే ముందు

మిత్రులారా, మర్మాంగాల దగ్గర దురద పెడితే మగవాళ్లు డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడతారు. మెడికల్ షాపులో గొంతు తగ్గించి ‘ఏదైనా ట్యూబివ్వండి’ అంటారు. ముదరబెట్టేది చాలాసార్లు ఆ ట్యూబే.

అలా చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. ఫంగస్ చావదు. ఎరుపు పైకి కనబడకుండా మెల్లగా పాకుతుంది, పూత ఆపగానే మళ్లీ విజృంభిస్తుంది. పైగా వృషణాల సంచి చర్మం బాగా పలుచన. ముంజేతి చర్మం కన్నా దాదాపు 40 రెట్లు ఎక్కువగా స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుందని 1967లోనే కొలిచి చెప్పారు. నెలల తరబడి రాస్తే సంచి ఎర్రబడి మండుతూనే ఉంటుంది, తొడల మీద చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

కారణాన్ని బట్టే మందు. ఫంగస్ వల్ల వచ్చే తామరైతే అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో కాస్త మామూలుగా కనిపిస్తుంది. తొడ నుంచి పిరుదుల వైపు పాకుతుంది, సంచిని సాధారణంగా వదిలేస్తుంది. దీనికి స్టెరాయిడ్ లేని పూతను మచ్చ దాటి 2 సెం.మీ. వరకు రాయాలి. మచ్చ మాయమయ్యాక మరో 2 వారాలు కొనసాగించాలి. మన దేశంలో ఇప్పుడు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర చాలా ఉంది, కాబట్టి పక్కవాడికి పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవచ్చు. కాళ్లకూ తామర ఉంటే ఆ ఫంగస్ లోదుస్తులకు అంటకుండా ముందు సాక్సులు, ఆ తర్వాతే లోదుస్తులు వేసుకోండి. పాదాలు తుడిచిన తువ్వాలు పైకి రాకూడదు.

సంచి మీద, అంగం మీద గట్టి పొక్కులు లేచి, రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లోనూ ఉంటే గజ్జిని అనుమానించాలి. 5 శాతం పెర్మెత్రిన్ పూతను మెడ నుంచి పాదాల దాకా రాసి 8 నుంచి 12 గంటలుంచాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. గజ్జి పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలుంటుంది, భయపడి మళ్లీ మళ్లీ పూయకండి.

ముందోలు కింద తెల్లటి పొర, చీలికలు ఉంటే క్యాండిడా అనే మరో ఫంగస్ కావచ్చు, షుగర్ పరీక్ష తప్పనిసరి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు మూత్రంలోకి చక్కెరను పంపుతాయి, దాంతోనూ ఇది వస్తుంది. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పండి.

యాంటీసెప్టిక్ నీళ్లు, ఘాటు సబ్బులు, హెయిర్ రిమూవర్ కూడా మంట పుట్టిస్తాయి. మామూలు నీళ్లతో కడిగి, పూర్తిగా తడారనిస్తే చాలు. నొప్పి మాత్ర వేసుకున్న ప్రతిసారీ అదే చోట నల్లమచ్చో పుండో వస్తే ఆ మందు పడట్లేదని అర్థం. నీటి పొక్కులు, పుళ్లు, స్రావం ఉంటే సుఖవ్యాధుల పరీక్ష చేయించుకోవాలి, భార్యకూ చేయించాలి. జ్వరంతో సంచి వాచి, విపరీతంగా నొప్పి పుట్టి, చర్మం నల్లబడితే మాత్రం ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అంతకుముందు వాడిన ట్యూబులన్నీ తీసుకెళ్లండి. స్టెరాయిడ్ పూసిన తామర రూపం మారిపోతుంది. ఏం పూశారో తెలిస్తేనే డాక్టరు చర్మం గీకి పరీక్షకు పంపాలో లేదో తేల్చగలరు.