ముందు గల్లీ, తర్వాత దవాఖానా
(మహిళా ఆరోగ్య సమితుల శిక్షణ కోసం తయారుచేసిన ప్రసంగ పాఠం)

సమితి సభ్యులకు, ఆశా అక్కలకు, ఏఎన్‌ఎంలకు, పొదుపు సంఘాల లీడర్లకు నమస్కారం.

2018 నుంచి హైదరాబాద్ బస్తీల్లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. జ్వరమొచ్చినా, విరేచనాలు పట్టుకున్నా ఇంటి దగ్గర్లోనే డాక్టరు దొరకడం చిన్న సంగతి కాదు. కానీ వానాకాలంలో ఒకే గల్లీ పిల్లలు మళ్లీ మళ్లీ అదే జబ్బుతో వస్తుంటే, జబ్బు పుట్టే చోటు అలాగే ఉందని అర్థం. మందు తీసుకుని ఇంటికెళ్లిన పిల్లాడు మళ్లీ అవే నీళ్లు తాగుతాడు. ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టి బాగుచేయించే సత్తా బస్తీవాళ్లకే ఉంది. ఇవాళ ఆ పని ఎలా చేయాలో చెప్పుకుందాం.

సంఘం పెట్టుకుని బస్తీని బాగుచేసుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1967లోనే ఇక్కడ పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చాక, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి, దానికి ఏడాదికి 5,000 రూపాయల నిధి అని పెట్టారు. సమావేశాలకు, ప్రచారానికి ఆ లెక్క సరిపోతుంది. నీళ్లకూ మోరీలకూ మాత్రం వంద ఇళ్లు చాలా ఎక్కువ. ఒకే పైపు మీద ఉన్న ఇళ్లవాళ్లకే ఒకే బాధ ఉంటుంది, వాళ్లే ఒక మాట మీద నిలబడతారు. కరాచీలోని ఒరంగీలో 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన మురుగు లైన్ల పనిలో 20 నుంచి 40 ఇళ్లున్న ఒక్కో గల్లీని ఒక్కో జట్టుగా కట్టారు. గల్లీవాళ్లే ఒకరిని ఎన్నుకుని, డబ్బు పోగుచేసుకుని, తమ గల్లీ మురుగు పైపు తామే వేయించుకున్నారు. పెద్ద లైన్లు ప్రభుత్వ వంతు. మన సమితులు కూడా గల్లీకి ఇద్దరు చొప్పున బాధ్యత పంచుకోవాలి.

మొదటి పని పటం. చార్టు మీద గల్లీ గీసి ఇళ్లకు నంబర్లు వేయండి. నల్లా పైపు నీలిరంగులో, మోరీ నల్లరంగులో గీయండి. మ్యాన్‌హోళ్లు, వాల్వులు, నల్లా లేని ఇళ్లు గుర్తుపెట్టండి. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి, గడిచిన రెండు నెలల్లో విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వచ్చిన ఇళ్ల మీద ఎర్రచుక్క పెట్టండి. కామెర్లు చెడ్డనీళ్లు తాగిన కొన్ని వారాలకు గానీ బయటపడవు, అందుకే అంత వెనక్కి అడగాలి. చుక్కలు ఒకే పైపు వెంట వరుసగా పడితే అనుమానం పైపు మీద. చెల్లాచెదురుగా పడితే ఇంట్లో నీళ్లు దాచే తీరు, బయటి తిండి, చేతులు కడుక్కోవడం వైపు చూడాలి.

పైపులోకి మురుగు ఎలా దూరుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. మన బస్తీల్లో నీళ్లు రోజంతా రావు. నల్లా బంద్ అయ్యాక పైపు ఖాళీ అవుతుంది. మెయిన్ లైను నుంచి ఇంటికొచ్చే సన్న ఇనుప పైపు చాలా గల్లీల్లో మోరీలోంచే పోతుంది. జాయింట్ల దగ్గర తుప్పు పట్టి చిల్లులు పడతాయి, ఖాళీ పైపులోకి మోరీ నీళ్లు చేరతాయి. ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు పెట్టి లాగితే, ఆ గుంజుడుకు పక్కింటి చిల్లులోంచి కూడా మురుగు లోపలికి వస్తుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి ప్రాణాలు పోయాయి. ఆ సంగతి ఈ నగరంలో ఎవరూ మరచిపోకూడదు.

సరఫరా నీళ్లలో కలిపిన క్లోరిన్‌ను మురుగు తినేస్తుంది. అందుకే నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలిందో రంగుతో చూపే చిన్న కిట్టు, క్లోరోస్కోపుతో, చిల్లు ఎక్కడుందో పట్టుకోవచ్చు. నల్లా వచ్చే రోజు, లైను గల్లీలోకి వచ్చే చోట మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టండి. గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, కిట్‌లో చెప్పినన్ని చుక్కల మందు వేసి, పది సెకన్లలోపే పసుపు రంగును పక్కనున్న రంగులతో పోల్చండి. ఆలస్యమైతే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. ఆ మందు విషం. పరీక్ష చేసిన నీళ్లు బిందెలో కలపకూడదు, పిల్లలకు అందకూడదు. చివరి ఇంట్లో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. 6వ ఇంట్లో 0.5 ఉండి 7వ ఇంట్లో ఏమీ లేకపోతే, ఆ రెండిళ్ల మధ్య తవ్వించండి. మొదటి ఇంట్లోనే సున్నా వస్తే తప్పు గల్లీది కాదు, పైనుంచే క్లోరిన్ రావడం లేదు. ఒక్కో ఇంట్లో రెండుసార్లు చూడాలి: నీళ్లు వచ్చీరాగానే ఒకసారి, పది నిమిషాలయ్యాక ఇంకోసారి. మొదటి నీళ్లే చెడ్డగా ఉంటే ఖాళీ పైపులోకి మురుగు చేరుతోందన్నమాట. చివరిదాకా అలాగే ఉంటే చిల్లు పెద్దది.

మరమ్మతు అయ్యేదాకా తాగే నీళ్లు తెర్లించి చల్లార్చాలి, లేదా 20 లీటర్లకు అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి అరగంట ఆగాలి. బురదగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి. మట్టి క్లోరిన్‌ను తినేస్తుంది. విరేచనాలు పట్టిన పిల్లలకు లీటరు నీళ్లకని రాసున్న ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. జింకు బిళ్లలు 14 రోజులూ వేయాలి, మోషన్లు ఆగాయని మూడో రోజు మానేయకూడదు.

నీళ్లు రోజూ రాని చోట డ్రమ్ములు తప్పవు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ డ్రమ్ములోనే. అందుకే నల్లా టైమింగ్ అడగడం కూడా ఆరోగ్యం పనే. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు. శుక్రవారం శుక్రవారం డ్రమ్ము ఖాళీ చేస్తే చాలదు. గుడ్లు నీళ్లలో కాదు, నీటి అంచు పైన గోడకు అంటుకుని నెలల తరబడి ఎండలోనూ బతుకుతాయి. బ్రష్షుతో గట్టిగా రుద్ది, ఆరబెట్టి, గుడ్డతో మూత కట్టాలి. ఫాగింగ్ ఎగిరే దోమనే చంపుతుంది, పిల్లపురుగును ఏమీ చేయదు.

ఇంకొక్క సంగతి గట్టిగా చెప్పాలి. బస్తీలో ఎవరైనా ముందు సీసీ రోడ్డు వేయిస్తామంటారు, అది కంటికి కనబడుతుంది కాబట్టి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తే గల్లీ ఎత్తు పెరుగుతుంది, గడపలు కిందికి పోతాయి, వాననీరు ఇళ్లలోకి వస్తుంది. వాల్వులు, మ్యాన్‌హోల్ మూతలు సిమెంటు కింద పడిపోతాయి. తర్వాత పైపు పగిలితే రోడ్డు తవ్వాలి, కాబట్టి ఎవరూ తవ్వరు. ముందు మురుగు లైను, తర్వాత నీటి లైను, ఆఖరున రోడ్డు. నీటి పైపు, మురుగు పైపు అడ్డంగా కలిసే చోట నీటి పైపు కనీసం అర మీటరు పైనుండాలి. రోడ్డు పని మొదలైన రోజే పాత రోడ్డు తవ్వి తీస్తున్నారా అని సమితి అడగాలి. పోసేశాక అడిగి లాభం లేదు. మోరీ పూడిక తీసి పక్కనే కుప్ప పోసినా ఇంతే, ఒక్క వానకు మళ్లీ లోపలికే పోతుంది. ఎత్తుకెళ్లేదాకా పని అయినట్టు సంతకం పెట్టకండి.

5,000 రూపాయలు బ్యానర్లకు, టీలకు పోనివ్వకండి. క్లోరోస్కోపు, దాని మందు, క్లోరిన్ బిళ్లలు, రిజిస్టరు, రాత్రివేళ గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో ఖర్చు: డబ్బు పెట్టాల్సింది వీటి మీద.

ఫిర్యాదు నోటిమాటగా పోకూడదు. జలమండలి నంబరు 155313కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు అడిగి తారీఖుతో రిజిస్టరులో రాయండి. ‘నీళ్లు బాగాలేవు’ అంటే లైన్‌మన్ వచ్చి చూసి పోతాడు. ‘6వ ఇంట్లో క్లోరిన్ 0.5, 7వ ఇంట్లో సున్నా, మధ్యలో పైపు మోరీలో ఉంది’ అంటే ఎక్కడ తవ్వాలో అతనికి తెలుస్తుంది. పైపు మార్చాక వరుసగా మూడు సప్లైలు అదే ఇళ్లలో మళ్లీ పరీక్షించి, మూడుసార్లూ క్లోరిన్ 0.2కు తగ్గకపోతేనే ఆ ఫిర్యాదు ఎదురుగా ‘పూర్తి’ అని రాయండి.