కమ్ కమ్ ఎవ్రీబడీ: ఆక్రమణ రోజుల్లో జపాన్, అమెరికా

శ్రోతలందరికీ నమస్కారం.

1945 ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి రేడియోలో మాట్లాడి, యుద్ధం ఆపేస్తున్నామని ప్రజలకు చెప్పాడు. అదే ప్రకటనను విదేశాలకు ఇంగ్లీషులో చదివి వినిపించిన మనిషి పేరు హిరకావా తదాయిచి. కుర్రతనంలోనే అమెరికా వెళ్లి, కూలి పనులు చేసుకుంటూ సియాటిల్‌లో యూనివర్సిటీ చదువు పూర్తిచేసి వచ్చినవాడు. ఆర్నెల్లు తిరక్కుండానే, 1946 ఫిబ్రవరిలో, ఆయన జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో రోజూ సాయంత్రం పావుగంట ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టాడు. దానికి టైటిల్ సాంగ్ ఎక్కణ్ణుంచి తెచ్చాడంటే, షోజోజి అనే గుడి దగ్గర తనూకీ అనే అడవి జంతువులు పొట్టలు వాయించుకుంటూ గంతులేస్తాయని జపాన్ పిల్లలు పాడుకునే పాట ఒకటుంది, ఆ వరసకే ‘కమ్ కమ్ ఎవ్రీబడీ’ అంటూ ఇంగ్లీషు మాటలు కట్టాడు. గ్రామర్ టెన్షన్ లేదు. ఒక ఇంట్లో అమ్మా నాన్నా పిల్లలూ రోజూ మాట్లాడుకునే మాటలే పాఠం. తిండికి కటకటలాడుతూ, కాలిపోయిన ఊళ్లలో రేకుల గుడిసెల్లో ఉంటున్నవాళ్లు కూడా కుటుంబమంతా రేడియో చుట్టూ చేరి ఆ పాట పాడేవాళ్లు.

నాకు ఈ సంగతి చాలా ముఖ్యమనిపిస్తుంది. భాష గెలిచినవాళ్లది, వరస ఓడినవాళ్లది. ఓడిన జపాన్‌ను అమెరికా సైన్యం ఆక్రమించి ఉన్న ఆ దాదాపు ఏడేళ్లలో ఆర్డర్లు వేసి నేర్పించినవాటికంటే ఇలా జనం తమంతట తాము కలిపి కుట్టుకున్నవే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి.

అలాగని ఇదంతా ఇష్టపూర్వకంగా జరిగిన ఇచ్చిపుచ్చుకోవడమని చెబితే అది అబద్ధం. టోక్యోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బిల్డింగ్‌లో కూర్చుని ఆక్రమణ సేనల అధిపతి, అమెరికన్ జనరల్ మెకార్థర్ దేశాన్ని నడిపించాడు. వాక్స్వాతంత్ర్యం ఇచ్చామన్నవాళ్లే పత్రికలనూ పుస్తకాలనూ సినిమాలనూ సెన్సార్ చేశారు, పైగా సెన్సార్ ఉందన్న మాట కూడా ఎక్కడా రాయకూడదు. అమెరికాలో న్యూయార్కర్ పత్రిక 1946 ఆగస్టులో ఒక సంచిక మొత్తం హిరోషిమా మీద రాసిన ఒకే రచనకిచ్చింది, ఆ రచన బాంబు పడ్డ దేశపు భాషలో పుస్తకంగా రావడానికి మాత్రం 1949 దాకా పట్టింది. పగ తీర్చుకోవడం, ప్రభువు కోసం ప్రాణాలివ్వడం లాంటి కథలున్నాయని కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాలను కూడా ఆపేశారు. వాటిని మళ్లీ స్టేజీ ఎక్కించడానికి పట్టుబట్టినవాళ్లలో ఫాబియన్ బవర్స్ అనే అమెరికన్ ఉన్నాడు, ఆయన ఉద్యోగం నాటకాల సెన్సారే! యుద్ధానికి ముందు టోక్యోలో కబుకి చూసి దానికి మనసిచ్చినవాడు. అన్నిటికన్నా పేరున్న 47 మంది సమురాయిల నాటకాన్ని 1947లో ఆడనిచ్చారు.

ఇంకొకరి గురించి తప్పకుండా చెప్పాలి. బియాటే సిరోటా. వియన్నాలో పుట్టి, పియానో టీచరైన తండ్రితో టోక్యోలో పెరిగిన అమ్మాయి. 1946 ఫిబ్రవరిలో కొత్త రాజ్యాంగం డ్రాఫ్టును అమెరికన్లు గుట్టుగా, సుమారు వారంలో తయారుచేసినప్పుడు ఆమెకు 22 ఏళ్లు. ఆడవాళ్ల హక్కుల భాగం ఆమెకు అప్పగించారు. పెళ్లి ఇద్దరి ఇష్టంతోనే జరగాలి, భార్యాభర్తలకు సమాన హక్కులుండాలి అన్న 24వ అధికరణం అక్కడి నుంచి వచ్చిందే. చిన్నప్పుడు ఇంట్లో పనిచేసే ఆడవాళ్ల మాటలు వింటూ పెరిగింది కాబట్టి, జపాన్‌లో కోడళ్ల బతుకేమిటో ఆమెకు తెలుసు. పై నుంచి వచ్చిన రాజ్యాంగమే, నిజమే, కానీ ఈ అధికరణం ఆ దేశపు వంటింటి కబుర్లు తెలిసిన మనిషి రాసింది. తర్వాత ఆమె న్యూయార్క్‌లో జపాన్ సొసైటీలో, ఏషియా సొసైటీలో పనిచేసి జపాన్ కళాకారులనూ ఆసియా కళాకారులనూ ఏళ్ల తరబడి అమెరికాకు రప్పించింది.

పిల్లల సంగతి కూడా ఒక్క మాట. సైనికులు పారేసిన డబ్బా రేకులతో కొసుగే అనే బొమ్మల తయారీదారు ఓట్సు ఊళ్లో చిన్న జీపులు చేస్తే, 1945 డిసెంబరులోనే క్యోటోలో ఎగబడి కొన్నారు. కొన్నాళ్లకు ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ముద్ర వేసుకున్న బొమ్మలు ఓడలెక్కి అమెరికా పిల్లల చేతుల్లోకి వెళ్లాయి.

ఇక సంగీతం. జాజ్ పియానిస్టు అకియోషి తోషికో కుటుంబం 1946లో చైనాలోని మంచూరియాలో ఉన్నదంతా పోగొట్టుకుని జపాన్‌లోని బెప్పూ ఊరు చేరింది. ఇంట్లో పియానో లేదు, సైనికులు వచ్చే డాన్స్ హాల్లో ఉంది, అందుకే అక్కడ పనిలో చేరింది. అక్కడే జాజ్ పట్టుబడింది. 1956లో అమెరికా వెళ్లి బర్క్‌లీ సంగీత కళాశాలలో చేరింది. మొదట్లో తనకు దక్కిన పేరు వాయింపు వల్ల కాదనీ, జాజ్ వాయించే జపాన్ ఆడపిల్ల వింతగా కనిపించడం వల్లేననీ ఆమె తర్వాత చెప్పుకుంది. ఎంత బాధ ఉండి ఉంటుంది అందులో! అయినా ఆగలేదు. 1974లో వచ్చిన ఆమె ఆల్బమ్ వినండి, ‘నో’ అనే జపాన్ ప్రాచీన నాటకంలో వాయించే త్సుజుమి డప్పు అమెరికన్ బిగ్ బ్యాండ్ మధ్య మోగుతుంది. బెప్పూ డాన్స్ హాల్లో సైనికుల కోసం జాజ్ వాయించిన అమ్మాయి, అమెరికన్ వాద్యకారుల చేత తన సంగీతం వాయింపజేసింది.

జపాన్‌లో ఆక్రమణ 1952 ఏప్రిల్ 28తో ముగిసింది. దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో మాత్రం 1972 మే దాకా అమెరికా పాలనే, సైనిక స్థావరాలు ఇప్పటికీ ఉన్నాయి, అక్కడి జనం ఇప్పటికీ వాటిమీద పోరాడుతున్నారు. అది విడిగా మరో ప్రసంగంలో చెప్పుకోవాల్సిన విషయం. సెలవు.