మన సెలవులు అయిపోయాకే వాళ్ల బొమ్మల సినిమాలు

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది అక్కా. ఆ కూలర్ జర బంద్ చెయ్, మైక్‌లో జాతర జనరేటర్ లెక్క వినిపిస్తోంది.

అక్క: బంద్ చేస్తే ఉడికిపోతాను, నల్లగొండ ఎండ నీకు తెలియనిదా. సరే, చేశాను. అందరికీ నమస్తే, మహబూబ్‌నగర్ నుంచి మా తమ్ముడు, నల్లగొండ నుంచి నేను. ఈసారి పిల్లల సినిమాలు, పార్కుల ముచ్చట్లు. కానీ ముందు నా కోపం వినాలి, వార్తలు తర్వాత.

తమ్ముడు: కానియ్.

అక్క: టాయ్ స్టోరీ 5 ఎప్పుడొస్తోంది? జూన్ 19. మన బడులు ఎప్పుడు తెరుస్తారు? జూన్ 12. ఏప్రిల్ 24 నుంచి యాభై రోజులు పిల్లలు ఇంట్లో ఉండి నా ప్రాణం తీస్తారు, అప్పుడు ఒక్క పెద్ద బొమ్మల సినిమా ఉండదు. తీరా పుస్తకాలకు అట్టలేసి, యూనిఫాం కుట్టించి, బస్సు ఫీజు కట్టి, చేతిలో రూపాయి లేనప్పుడు వస్తుంది.

తమ్ముడు: వాళ్ల బడులు మూసేదే అప్పుడు కదా అక్కా. అమెరికాలో ఎండాకాలం సెలవులంటే జూన్, జులై. అందుకే మినియన్స్ కొత్తది జులై 1, మనుషులతో తీసిన మోవానా జులై 10. మన క్యాలెండర్ వాళ్లకెందుకు?

అక్క: మారియో సినిమా ఏప్రిల్‌లో పెట్టారు, అప్పుడేమో మనవాళ్లకు పరీక్షలు. పగబట్టినట్టే ఉంది.

తమ్ముడు: సరే, టాయ్ స్టోరీ సంగతి చెప్తా. మొదటిది 1995లో వచ్చింది, పూర్తిగా కంప్యూటర్‌తో చేసిన మొదటి పెద్ద సినిమా అదే. తర్వాత 1999, 2010, 2019. ఇప్పుడు ఐదోదానికి దర్శకుడు ఆండ్రూ స్టాంటన్, ఫైండింగ్ నీమో తీసినాయన. ఈసారి బొమ్మలకు పోటీ ఇంకో బొమ్మ కాదు, లిలీప్యాడ్ అని ఒక ట్యాబ్. పాప ట్యాబ్ పట్టుకుంటుంది, వుడీ, బజ్ లాంటి పాత బొమ్మలంతా మూలకు పడతాయి.

అక్క: అది మా ఇంటి కథే! మా చిన్నది ఫోన్ లేకుండా ముద్ద మింగదు. మొన్న కూర్చోబెట్టి జొన్న బెండుతో బండి చేసిచ్చాను. దంటు పైపొర చీల్చి ఈనెలు తీసి, లోపల తెల్ల బెండును గుండ్రంగా కోసి చక్రాలు చేసి, ఆ ఈనెనే ఇరుసుగా గుచ్చి... నీకు గుర్తుందా, మనం పాలమూరులో పొద్దంతా అదే పని.

తమ్ముడు: ఈనె కోసుకొని నా వేలికి రక్తం కారితే నువ్వే పసుపు పెట్టావు. మరి చిన్నదేమంది?

అక్క: బండిని ఫోన్‌కు ఆనించి, ఫోన్ పడకుండా స్టాండ్ చేసుకుంది.

తమ్ముడు: (నవ్వు) టాయ్ స్టోరీ తీసే పిక్సార్ వాళ్లకు ఈ సీన్ పంపాలి.

అక్క: నవ్వకు. సెలవులు లేకుంటే ఏం జరుగుతుందో చెప్పనా? నవంబరు ఆఖర్లో జూటోపియా 2 వచ్చింది కదా, ఇక్కడ ఒక థియేటర్‌కు ఆదివారం పొద్దున తీసుకెళ్లాను. పదిమంది కూడా లేరని ఆట రద్దు చేశారు. పైసలు వాపసిచ్చారులే, కానీ పాప్‌కార్న్ చేతిలో పట్టుకొని ఏడ్చే ఇద్దరిని ఆటో ఎక్కించడం ఎట్లుంటుందో నీకు తెలియదు, నీకింకా పెళ్లి కాలేదు.

తమ్ముడు: మరి మహావతార్ నరసింహ సంగతేంటి? 2025 జులై 25న వచ్చింది, సెలవుల్లేవు, పండుగ లేదు, హీరో లేడు. అయినా 300 కోట్లు దాటింది. మన దేశంలో తీసిన బొమ్మల సినిమాల్లో అంత ఏదీ రాబట్టలేదు.

అక్క: పండుగ లేదని ఎవరన్నారు? ఆరోజే శ్రావణం మొదలైంది. పైగా నల్లగొండోళ్లకు నరసింహస్వామి అంటే సినిమా దేవుడా, ఇంటి మనిషి! ఇటు యాదగిరిగుట్ట, అటు మట్టపల్లి. మా అత్తగారి వైపు లెక్కపెడితే ముగ్గురు యాదగిరులు, ఇద్దరు నర్సింహలు.

తమ్ముడు: మా దిక్కు సింగోటం లేదా, సంక్రాంతికి జాతర.

అక్క: ఉంది, కాదన్నానా. వినరాదు, మా అత్తమ్మ పదేళ్లుగా థియేటర్ మొహం చూడలేదు. ఆమెనే టికెట్లు చెయ్యమంది. చెప్పులు సీటు కింద విడిచి, కాళ్లు పైకి మడిచి కూర్చుంది. స్తంభం పగిలేసరికి చిన్నది నా కొంగులో దూరింది, అత్తమ్మ గదవ పట్టి తిప్పి, "భయమెందుకే, మన స్వామే కదా" అంది. ఆ తర్వాత అది కన్నార్పలేదు.

తమ్ముడు: నేను చెప్పేది అదే. అమ్మమ్మ, నానమ్మ టికెట్ కొనే సినిమాకు సెలవులు అక్కర్లేదు. నరసింహ తీసిన అశ్విన్ కుమార్ ఇట్లాంటి సినిమాల వరుస ప్రకటించాడు కదా, 2027లో పరశురాముడు, 2029లో రఘునందన్, అట్లా 2037 దాకా. అప్పటికి మీ చిన్నది డిగ్రీ అయిపోతుంది.

అక్క: అవన్నీ చెప్పిన టైంకు వస్తే చూద్దాం, పదేళ్ల లిస్టులను నేను నమ్మను. పార్కుల సంగతి చెప్పు.

తమ్ముడు: పెద్ద వార్త అబుదాబీది. అక్కడ యాస్ ఐలాండ్‌లో డిస్నీ పార్కు కడతామని 2025 మేలో చెప్పారు, వాళ్ల పార్కు రిసార్టుల్లో అది ఏడోది. తేదీ మాత్రం చెప్పలేదు. శంషాబాద్ నుంచి విమానంలో నాలుగు గంటలు, నువ్వు నారాయణాద్రి ఎక్కి తిరుపతికి పోయినంత సేపు కూడా పట్టదు.

అక్క: టైం పట్టదు, పైసలు పడతాయి. మాకు హైదరాబాద్ పక్కనున్న వండర్లా పార్కే అబుదాబీ.

తమ్ముడు: అదీ మంచిదే. మాకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా, మీకు చౌటుప్పల్ మీదుగా, ఔటర్ ఎక్కితే రావిర్యాల దగ్గర దిగడమే. పిల్లలకు నైలాన్ బట్టలు సర్దుకో, కాటన్ వేసుకుంటే నీళ్లలోకి దిగనియ్యరు.

అక్క: అది తెలుసు. ఎత్తు కొలిచే బోర్డుతోనే నా టెన్షన్. ఇంతకుముందు ఒక పార్కులో, పేరెందుకులే, పెద్దోడు మడమలెత్తి నిలబడ్డాడు. అక్కడ కొలిచే పనిలో ఉన్న పిల్లగాడు వంగి చెప్పుల కిందికి చూసి, "తమ్మీ, వచ్చే ఏడు రా" అన్నాడు. అప్పటినుంచి తలుపు మీద పెన్సిల్ గీతలు, వారానికొకటి. గోడకానుకొని జుట్టు పైకి దువ్వుకొని మరీ కొలిపించుకుంటాడు.

తమ్ముడు: అయితే మేలో, వారం మధ్యలో పోదాం, ఆదివారం వద్దు. టాయ్ స్టోరీకి జూన్ 21 ఆదివారం. తెలుగు డబ్బింగ్ ఉంటే మనూళ్లోనే, లేకుంటే హైదరాబాద్.

అక్క: టికెట్లు నీవి, మేనమామవి కదా. నేను తపాలచెక్క చేసుకొస్తా.

తమ్ముడు: థియేటర్ లోపలికి రానియ్యరక్కా.

అక్క: లోపలికెవరు తెస్తామన్నారు? వచ్చేటప్పుడు చిట్యాల దగ్గర కారాపి తిందాం. ఇక మైక్ బంద్ చెయ్, కూలర్ వేసుకోవాలి.