3-500జెడ్ గ్రౌండెడ్ గ్రిడ్ యాంప్లిఫైయర్: గ్రిడ్ మీటర్ మీద కన్నేసి ఉంచండి

[దృశ్యం: ట్యూబ్ అడుగు భాగం, దగ్గరగా]

హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులందరికీ నమస్కారం. ఇది 3-500జెడ్ ట్రయోడ్, అంటే మూడు భాగాల వాక్యూమ్ ట్యూబ్: ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేట్‌కి వెళ్తాయి, మధ్యలోని గ్రిడ్ వాటిని అదుపు చేస్తుంది. అడుగున ఐదు పిన్నులుంటాయి. 1, 5 ఫిలమెంట్‌వి. 2, 3, 4 మూడూ గ్రిడ్‌వే. ఆ మూడింటినీ వెడల్పాటి పొట్టి రాగి పట్టీలతో సాకెట్ పక్కనే ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) బిగించండి. సన్నటి పొడుగు తీగ వాడితే వీహెచ్ఎఫ్‌లో (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో) అదే ఒక కాయిల్ అయి కూర్చుంటుంది, ట్యూబ్ తనంతట తానే ఆసిలేట్ అవుతుంది, అంటే సొంతంగా సిగ్నల్ పుట్టిస్తుంది.

[దృశ్యం: ఫెరైట్ రాడ్ మీద చుట్టిన చోక్]

గ్రిడ్ గ్రౌండ్ అయింది కనుక డ్రైవ్‌ని (ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని) కాథోడ్‌కి, అంటే ఎలక్ట్రాన్లు వదిలే భాగానికి ఇవ్వాలి. ఈ ట్యూబ్‌లో ఫిలమెంటే కాథోడ్. చోక్ (రేడియో సిగ్నల్‌ని అడ్డుకునే కాయిల్) లేకపోతే ఆర్ఎఫ్, అంటే ఆ రేడియో సిగ్నల్ అంతా ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా గ్రౌండ్‌కి పోతుంది. 2 మి.మీ. ఎనామిల్ తీగలు రెంటిని జంటగా పట్టుకుని అరంగుళం ఫెరైట్ రాడ్ మీద 12 నుంచి 14 చుట్లు చుట్టండి. ఒక తీగలో వెళ్లిన ఫిలమెంట్ కరెంటు రెండోదాంట్లో తిరిగొస్తుంది, అందుకే కోర్ సాచురేట్ కాదు. ఫిలమెంట్‌కి 5 వోల్టులు కావాలి, కరెంటు 14 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, సాకెట్ పిన్నుల మీదే కొలవండి. చోక్‌లో కొంత పడిపోతుంది.

ఇన్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు 115 ఓమ్‌లు. పైగా ట్యూబ్ సైకిల్‌లో దాదాపు సగంసేపే కరెంటు లాగుతుంది. కాబట్టి ఇన్‌పుట్‌లో బ్యాండ్‌కొక పై (π) నెట్‌వర్క్, అంటే ఒక కాయిల్, రెండు కెపాసిటర్ల సర్క్యూట్ పెట్టండి, మిగతా సగం లోడ్‌ని అది నిలబెడుతుంది.

[దృశ్యం: ప్లేట్, గ్రిడ్ మీటర్లు పక్కపక్కన]

అసలు జాగ్రత్త ఇక్కడ. ప్లేట్ 500 వాట్ల వేడి తట్టుకుంటుంది, గ్రిడ్ మాత్రం 20 వాట్లే. 2500 వోల్టుల దగ్గర ప్లేట్ కరెంటు 400 మిల్లీ ఆంపియర్లున్నప్పుడు గ్రిడ్ కరెంటు సుమారు 120 ఉండాలి. అంతకు మించి ఎగబాకుతోందంటే లోడింగ్ (యాంటెన్నా వైపు పవర్ లాగడం) తక్కువైందని అర్థం: ప్లేట్ వోల్టేజీ ప్రతి సైకిల్‌లో మరీ కిందికి దిగుతోంది, ఎలక్ట్రాన్లు గ్రిడ్‌కే అంటుకుంటున్నాయి. వెంటనే డ్రైవ్ తగ్గించి, లోడ్ కెపాసిటెన్స్ తగ్గించి (దాంతో లోడింగ్ పెరుగుతుంది), ప్లేట్ ట్యూనింగ్ మళ్లీ సరిచేయండి.

హెచ్‌టీ (ప్లేట్‌కిచ్చే హై వోల్టేజీ) లేకుండా డ్రైవ్ ఇవ్వడం మరీ ప్రమాదం. లాగే ప్లేట్ లేదు కనుక భారమంతా గ్రిడ్ మీదే పడుతుంది, కాసేపట్లో తీగలు వంగి ఫిలమెంట్‌ని తాకుతాయి. హెచ్‌టీ ఉంటేనే కీయింగ్ రిలే (యాంప్లిఫైయర్‌ని ప్రసారంలోకి మార్చే స్విచ్) పనిచేసేలా ఇంటర్‌లాక్ తప్పక పెట్టండి. ప్లేట్ మసక ఎరుపెక్కితే కంగారు పడకండి, ఈ ట్యూబ్‌కి అది మామూలే. సాకెట్ కింద నుంచి గాలి మాత్రం ఆగకూడదు: ఆగితే పిన్నుల్లో సాల్డర్ కరిగి ఫిలమెంట్ కనెక్షన్ వచ్చిపోతూ ఉంటుంది.

[దృశ్యం: బల్ల మీద ట్యూబ్, మల్టీమీటర్]

సెకండ్‌హ్యాండ్ ట్యూబ్ కొంటున్నారా? చల్లగా ఉన్నప్పుడే 1, 3 పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. ఏ మాత్రం రీడింగ్ వచ్చినా గ్రిడ్ ఫిలమెంట్‌ని తాకుతోందని అర్థం, దాన్ని సాకెట్‌లో పెట్టకండి.