చిక్కుడు పాదు మీద ఆ పురుగుల్ని చంపకండి

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: ఉప్పల్ నుంచి సార్. మిద్దె మీద చిక్కుడు పాదు పెట్టాం, కొసలన్నీ పేనుబంక పురుగులతో నల్లగా అయిపోయాయి. ఇప్పుడేమో చిన్న చిన్న తేనెటీగలు తిరుగుతున్నాయి, పిల్లలు పైకి రావాలంటే టెన్షన్ పడుతున్నారు. ఆకుల మీద పచ్చ పురుగులు కూడా ఉన్నాయి, మా ఆయన ఇవాళే మందు కొడదామంటున్నారు.

నిపుణురాలు: ఆగండమ్మా, కొట్టొద్దు. ఆ ఈగలు గాల్లో ఒకేచోట నిలబడి, చటుక్కున పక్కకి జరుగుతున్నాయా?

కాలర్: అవును మేడమ్, అచ్చం హెలికాప్టర్ లాగే!

నిపుణురాలు: అయితే అవి సిర్ఫిడ్ ఈగలు. వాటికి ముల్లే లేదు, కుట్టవు. ఆ పసుపు, నలుపు చారలు పక్షుల్ని బెదిరించడానికి, మధ్యలో మీ పిల్లలు కూడా బెదిరిపోయారు. తేనెటీగకు నాలుగు రెక్కలుంటాయి, దీనికి రెండే. మన దేశంలోనూ యూరప్‌లోనూ మామూలుగా కనిపించే ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ అనే రకమైతే సుమారు సెంటీమీటరు పొడవుంటుంది, పొట్ట మీద ఒక లావు నల్లచార, దాని పక్కనే ఒక సన్నచార కనిపిస్తాయి.

కాలర్: మరి పచ్చ పురుగులో?

నిపుణురాలు: కాళ్లున్నాయా వాటికి?

కాలర్: లేనట్టే ఉన్నాయి, జారుకుంటూ పోతున్నాయి.

నిపుణురాలు: కాళ్లుండి ఆకుకి చిల్లులు పెడుతుంటే గొంగళిపురుగు, దాన్ని ఏరేయండి. కాళ్లు లేకుండా, తలవైపు సన్నగా ఉంటే మాత్రం ఈ ఈగ పిల్లే. తల్లి ఈగకు పూలతేనె, పుప్పొడి చాలు, కానీ గుడ్లు మాత్రం వెతికి మరీ పేనుబంక మధ్యలోనే పెడుతుంది. పిల్ల బయటికొచ్చాక పేనును పట్టుకుని రసమంతా పీల్చి తొక్క వదిలేస్తుంది, ఎక్కువగా రాత్రిపూటే వేట, అందుకే మనం పట్టించుకోం. ఎదిగేలోపు వందల పేనుల్ని తినేస్తుంది. తర్వాత ఆకుకే అంటుకుని బొట్టు ఆకారంలో ప్యూపా, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ, అవుతుంది, ఎండిన ఆకులు దులిపేటప్పుడు దాన్ని కూడా పారేయకండి.

కాలర్: అయితే ఏం చేయొద్దా?

నిపుణురాలు: చీమలున్నాయా?

కాలర్: అబ్బో, బారులు తీరి.

నిపుణురాలు: పేను వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి, ఈ ఈగ పిల్లల్ని తరిమేస్తాయి. ముందు వాటి దారి ఆపండి, పందిరి గుంజలకు గ్రీజు పూయండి. మరీ నల్లబడిన కొసలు ఒకటి రెండు తుంచేయండి, మిగతావి వదిలేయండి, తిండి లేకపోతే ఈగ కూడా రాదు. కుండీలో కొత్తిమీర పూతకొచ్చిందని పీకేయకండి, ఈ ఈగకు పొట్టి నోరు, అలాంటి చిన్న పూలే అందుతాయి.

కాలర్: మా ఆయన పక్కనే ఉన్నారు మేడమ్, వేపనూనె అయినా కొట్టొచ్చా అని అడుగుతున్నారు.

నిపుణురాలు: ఇప్పుడొద్దు, అది ఈ ఈగ పిల్లల మీద కూడా పడుతుంది. ఓ వారం ఆగి చూడమనండి.

యాంకర్: సరేనమ్మా, తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు.